మామ్మ చెయ్యి పట్టుకున్న సిస్టర్‌కి

మొన్న రాత్రి వాంతులు, విరేచనాలతో సోలిపోయిన మా మామ్మని పలాస వైపు మా ఊరి నుంచి శ్రీకాకుళం తీసుకొచ్చాం. 82 ఏళ్లు. ఒంట్లో నీరు లేక నరాలు అణిగిపోయాయి. సెలైన్ కోసం మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదు, ఒకచోట నల్లగా కమిలింది. నాకైతే ఒకటే టెన్షన్.

అప్పుడొచ్చారు మీరు. వెంటనే సూది పట్టలేదు. మామ్మ చేతిని మంచం కిందికి వేలాడదీసి, గోరువెచ్చటి గుడ్డ చుట్టి, "మామ్మా, ఈ ఏడు జీడితోట కాసిందా?" అని కబుర్లలో పెట్టారు. పల్చటి చర్మం ఒరుసుకుపోకుండా రబ్బరు పట్టీని జాకెట్టు చేతి మీదే కట్టారు. నరం జారకుండా బొటనవేలితో చర్మం లాగిపట్టి, సన్నటి నీలం క్యాన్యులా (నరంలో ఉంచే చిన్న గొట్టం) ఒక్కసారికే ఎక్కించేశారు. మామ్మ ఇంకా జీడిపిక్కల ధర చెబుతూనే ఉంది!

కంగారులో మీ పేరు అడగలేదు, సిస్టర్. మామ్మ ఇప్పుడు గంజి తాగుతూ "ఆ పిల్లేదిరా?" అంటోంది.