ప్లేస్‌మెంట్లకు ముందు ఒక మాట

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ఆగస్టులో మీ కాలేజీకి కంపెనీలు రావడం మొదలవుతుందని, ఈలోగా రెజ్యూమే ఒకసారి చూసి పెట్టమని నువ్వు పంపిన మెయిల్ అందింది. మార్కులూ ప్రాజెక్టులూ ఇంటర్న్‌షిప్ వివరాలూ పద్ధతిగా ఉన్నాయి. రెండు అచ్చుతప్పులు దిద్ది తిరిగి పంపుతున్నాను. ఈ ఉత్తరం మాత్రం రెజ్యూమేలో లేని విషయం గురించి. పైన నువ్వు ఇచ్చిన, నీ ప్రోగ్రాములు పెట్టుకునే గిట్‌హబ్ సైటు లింకు తెరిస్తే నీ ప్రొఫైల్ వచ్చింది, ఆ ప్రొఫైల్‌లో నీ ఎక్స్ (పాత ట్విటర్) ఖాతా కనిపించింది, ఆ ఖాతా తెరిస్తే రెండేళ్లుగా నువ్వు ఇతరుల పోస్టుల కింద రాసిన జవాబులన్నీ వరసగా వచ్చాయి. కొడుకు మీద నిఘా పెట్టాలని నేను వెతకలేదు. మా ఆఫీసులో ఏ అభ్యర్థి రెజ్యూమే చేతికొచ్చినా చేసే పనినే నీ రెజ్యూమేకూ చేశాను.

ఇన్నేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉండి గమనించినది నీకు చెప్పాలి. ఉద్యోగం ఇవ్వబోయేవారు అభ్యర్థి పెట్టుకున్న ఫొటోల దగ్గర ఎక్కువసేపు ఆగరు. పుట్టినరోజు కేకులూ గోవా బీచీలూ ఎవరికీ పట్టవు. తన గోడ మీద ఎవరైనా కాస్త జాగ్రత్తగానే ఉంటారు. పరాయివాళ్ల పోస్టు కింద, తనకు నచ్చని మాట ఎదురైనప్పుడు, ముక్కూ మొహం తెలియని మనిషితో ఎలా మాట్లాడాడన్నదే మేము చూస్తాం. ఎందుకంటే రేపు టీమ్‌లో అతని కోడ్‌లో తప్పు చూపించే సహోద్యోగితోనూ, ఫోన్‌లో విసుక్కునే క్లయింటుతోనూ అతను అలాగే మాట్లాడతాడేమోనన్న అనుమానం వస్తుంది. 2018లో కెరీర్‌బిల్డర్ సంస్థ అమెరికాలో జరిపించిన సర్వేలో 70 శాతం సంస్థలు అభ్యర్థుల సోషల్ మీడియా ఖాతాలు చూస్తామని చెప్పాయి. అలా చూసినవారిలో 57 శాతం మంది, అక్కడ కనిపించిన విషయాల వల్ల కొందరిని తీసుకోకుండా ఆగిపోయామన్నారు. మన హైదరాబాదు కంపెనీలన్నీ ఇంత పద్ధతిగా చూస్తాయని నేను అనను. వేలమందిని ఒకేసారి తీసుకునే చోట చూసే తీరిక ఉండదు. కానీ నువ్వు కోరుకుంటున్నట్టు చిన్న టీమ్, మంచి జీతం ఉన్న చోట తప్పకుండా చూస్తారు.

నిరుడు ఒక అబ్బాయి చివరి రౌండు దాకా వచ్చాడు. ఇచ్చిన లెక్కలన్నీ అందరికంటే ముందే చేశాడు. ప్యానెల్‌లో ఉన్న మేనేజరు అతని పేరుతో వెతికితే ఒక పాత వ్యాఖ్య దొరికింది. ఎవరో అమ్మాయి తనకు మెడికల్ సీటు వచ్చిందని, కూలి పని చేసి చదివించిన అమ్మానాన్నల రుణం తీర్చుకోలేనని పెట్టిన పోస్టు అది. దాని కింద ఈ అబ్బాయి ఆమె కులాన్ని ఎత్తి, ఇలాంటి డాక్టరు దగ్గరకు తాను చచ్చినా వెళ్లనని రాశాడు. మేనేజరు ఆ తెరను మా అందరివైపూ తిప్పాడు. ఎవరూ చర్చించలేదు. మరుసటి రోజు ఆ అబ్బాయికి ఎంపిక కాలేదని మామూలు మెయిల్ వెళ్లింది, కారణం అందులో రాయలేదు. అసలు ఏ కంపెనీ రాయదు. లెక్క ఎక్కడో తప్పానేమోనని అతను ఇప్పటికీ అనుకుంటూ ఉండవచ్చు. ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే చిన్నా. పరీక్షలో తప్పితే ఏ సబ్జెక్టులో తప్పామో తెలుస్తుంది, ఈ విషయంలో అది తెలిసే దారే లేదు.

ఇప్పుడు నీ సంగతి. సంక్రాంతికి విడుదలైన మీ హీరో సినిమా రెండో సగం సాగదీశారని ఒక అమ్మాయి వీడియో సమీక్ష పెట్టింది. దాని కింద నువ్వు ఆమె రంగు గురించి, ఒళ్లు గురించి, ఆమెను ఇంట్లో ఎలా పెంచారన్న దాని గురించి రాశావు. నీ మిత్రులు నవ్వు గుర్తులు పెట్టారు. ఆ మాటల మీద నీ పూర్తి పేరు ఉంది, బయోలో కాలేజీ పేరు ఉంది. ఆ అమ్మాయి సినిమా గురించి మాట్లాడింది, నువ్వు ఆమె ఒంటి గురించి మాట్లాడావు. నీ చెల్లెలు కూడా పాటలు పాడి వీడియోలు పెడుతోంది. దాని పోస్టు కింద ఎవరైనా ఇవే మాటలు రాస్తే నువ్వు ఊరుకోవని నాకు తెలుసు. అభిమానుల గొడవల్లో ఇవన్నీ మామూలేనని నువ్వు అనవచ్చు. రాసేవాళ్లకు మామూలు కావచ్చు, పడేవాళ్లకు కాదు. చట్టానికీ కాదు. స్త్రీని అవమానించే మాటలకు భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్ ఉంది, కులం పేరుతో దళితులనూ గిరిజనులనూ దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైనవారు నింపే అటెస్టేషన్ ఫారంలో కేసులేమైనా ఉన్నాయా అని అడుగుతారు, నిజం దాచితే ఆ దాచడమే ఉద్యోగానికి అడ్డం వస్తుంది.

నోరు మూసుకుని ఉండమని చెబుతున్నానని మాత్రం అనుకోవద్దు. రోడ్లు బాగాలేవని, పరీక్షా పత్రాలు లీకవుతున్నాయని, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇవ్వలేదని నువ్వు రాసినవీ చదివాను. వాటిలో ఒక్క అక్షరం తీయనక్కరలేదు. ఫేస్‌బుక్ పోస్టులకే జనాన్ని అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టివేసింది, ఆ హక్కు నీకు ఉండాలనే నేనూ కోరుకుంటాను. నీ అభిప్రాయం నచ్చక ఏ కంపెనీ అయినా నిన్ను వద్దనుకుంటే, అలాంటి చోట పని చేయకపోవడమే మేలు. నేను మాట్లాడుతున్నది అభిప్రాయం గురించి కాదు, ఎదుటి మనిషిని కించపరిచే మాట గురించి.

కాలం గడిస్తే అన్నీ మరుగున పడతాయన్న ధీమా కూడా వద్దు. క్రికెట్ చూసేవాడివి కనుక ఇంగ్లండ్ బౌలర్ ఒలీ రాబిన్సన్ నీకు గుర్తుండే ఉంటాడు. 2021 జూన్‌లో లార్డ్స్‌లో న్యూజీలాండ్ మీద అతను తొలి టెస్టు ఆడుతున్న రోజునే, 2012, 2013 సంవత్సరాల్లో తాను రాసిన జాతి వివక్ష, స్త్రీ ద్వేషంతో నిండిన ట్వీట్లు బయటికొచ్చాయి. అవి రాసేనాటికి అతని వయసు ఇంచుమించు ఇప్పటి నీ వయసే. మ్యాచ్‌లో 7 వికెట్లు తీశాడు, అయినా మ్యాచ్ ముగియగానే ఇంగ్లండ్ బోర్డు అతన్ని అంతర్జాతీయ క్రికెట్ నుంచి సస్పెండ్ చేసింది. తర్వాత విచారణ జరిగింది, నిషేధంతో పాటు 3,200 పౌండ్ల జరిమానా పడింది. మొదటి రోజు ఆట ముగిసిన సాయంత్రమే అతను కెమెరాల ముందుకొచ్చి, ఏ సాకూ చెప్పకుండా క్షమాపణ కోరాడు. ఆగస్టులో మన జట్టు మీదే మళ్లీ ఆడాడు. అతని కథలో ఈ రెండో భాగాన్ని కూడా నువ్వు గుర్తుంచుకోవాలి.

మీ క్లాసు వాట్సాప్ గ్రూపులో ఏం నడుస్తుందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. 2017లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కనీసం పదిమందికి ఇచ్చిన సీట్లను వెనక్కి తీసుకుంది. వాళ్లు అసభ్యమైన మీమ్‌లు పంచుకున్నది బయటివారికి కనిపించని గ్రూపులోనే. గ్రూపులో వందమంది ఉంటే స్క్రీన్‌షాట్ తీయగల చేతులు వంద ఉన్నట్టే.

ఇక చేయవలసిన పని. ఖాతా మొత్తం తుడిచేయాలన్న ఆలోచన నీకు ముందుగా వస్తుంది, అది చేయకు. ఒక్కసారిగా ఖాళీ అయిన ఖాతా కూడా అనుమానం పుట్టిస్తుంది, పైగా బయటికి వెళ్లిన స్క్రీన్‌షాట్లు నీ చేతిలో ఉండవు. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, మనంతట మనమే బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి వర్తించదు. కనుక ముందు ఆ సమీక్షకురాలికి నీ పేరుతోనే, సినిమా ప్రస్తావన గానీ మిత్రుల ప్రస్తావన గానీ లేకుండా, నాలుగు వాక్యాల్లో క్షమాపణ రాయి. ఆమె జవాబివ్వకపోయినా, కోపంగా ఇచ్చినా, మళ్లీ వాదించకు. ఆ తర్వాత ఆ వ్యాఖ్యను తొలగించు. అలాంటివే ఇంకో ఐదారు కనిపించాయి, అవేవో నీకే తెలుసు. జవాబుల ట్యాబ్ తెరిచి మొదటి నుంచి నువ్వే చదువు. చదువుతుంటే ఎక్కడ సిగ్గనిపిస్తుందో అక్కడ ఆగు. జూనియర్లు పైథాన్‌లో చిక్కులు అడిగితే అర్ధరాత్రి దాకా ఓపిగ్గా తెలుగులో వివరించినవీ అక్కడే ఉన్నాయి. వాటిని చదివినప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ ఓపిక ఉన్న మనిషినే వాళ్లు నీలో చూడాలి.

ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లాలన్న ఆలోచన ఉంది కనుక ఒక్క విషయం ఇప్పుడే మొదలుపెట్టు. 2019 నుంచి అక్కడి వీసా దరఖాస్తు డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లన్నీ అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు తమ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని నిబంధన పెట్టారు, డిసెంబరు 15 నుంచి అక్కడ ఉద్యోగానికి వెళ్లేవారు తీసుకునే హెచ్-1బీ వీసాకీ, వారి కుటుంబాలు తీసుకునే హెచ్-4కీ దాన్ని వర్తింపజేశారు. ఒక దేశం పిల్లల మాటలన్నీ ఇలా తవ్వి చూడడం నాకు నచ్చదు. కానీ దరఖాస్తు పెట్టేది మనం, ఒక ఖాతాను దాచినా వీసా నిరాకరించవచ్చని, ఇకముందు వచ్చే వీసాలకూ అడ్డు కావచ్చని ఢిల్లీలోని వారి రాయబార కార్యాలయం స్పష్టంగా చెప్పింది. కనుక ఇంటర్‌లో తెరిచి వదిలేసినవీ, మిత్రులతో కలిసి నడిపిన మీమ్ పేజీలూ సహా నీ ఖాతాలన్నింటి పేర్లూ ఒక కాగితం మీద రాసి నాన్నగారికి పంపు. నీ పాస్‌పోర్టు, మార్కుల మెమోలు ఉన్న ఫైల్లో దాన్ని పెడతారు.

ఇట్లు,
మీ అమ్మ