మాటామంతీ అంటారు సరే, మెప్పా డబ్బు ఏదీ?

అమెరికా విదేశాంగ మంత్రి మార్కో రూబియో గారికి నమస్కారం.

మెప్పా చట్టం, అంటే ఇజ్రాయెలీలను, పాలస్తీనియన్లను కలిపి కూర్చోబెట్టే పనులకు అమెరికా డబ్బిచ్చే చట్టం, దాని గురించి మీకు పాఠం చెప్పే సాహసం చేయం. ఏటా 5 కోట్ల డాలర్లు, ఐదేళ్లకు 25 కోట్లు. 2020 డిసెంబరులో దాని మీద సంతకం పెట్టింది మీ అధ్యక్షులవారే. 2025 జనవరి 20న విదేశీ సాయం మొత్తాన్ని 90 రోజులు ఆపిందీ ఆయనే. జులై 1కల్లా ఆ గ్రాంట్లు నడిపే అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడే మూతపడి, దాని పని మీ శాఖకు వచ్చింది. ఇంతకుముందు పెట్టుకున్న వినతులకు అచ్చేసిన ధన్యవాదాలే వచ్చాయి గనక, ఈసారి నలుగురిలో అడుగుతున్నాం.

మీ గాజా ప్రణాళికలో 18వ అంశం చదివాం. ఇజ్రాయెలీల, పాలస్తీనియన్ల ఆలోచనా తీరు మార్చడానికి మతాల మధ్య సంభాషణ జరిపిస్తారట. 2025 నవంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2803 తీర్మానంతో దానికి ముద్ర కూడా వేయించారు. సంతోషం. ఎవరు జరిపిస్తారండీ?

ఇరవై మందిని ఒక గదిలో కూర్చోబెట్టడం ఏమంత పని అనుకుంటున్నారేమో. వెస్ట్ బ్యాంక్‌లో పాలస్తీనా పాలన కింద ఉండే ‘ఎ’ ప్రాంతంలోకి ఇజ్రాయెలీలు పోకూడదు, దారి మొదట్లోనే ఎర్రబోర్డు ఉంటుంది. పాలస్తీనియన్లు ఇజ్రాయెల్‌లోకి రావాలంటే పర్మిట్ కావాలి. ఇక మిగిలేది ఇజ్రాయెల్ అదుపులో ఉండే ‘సి’ ప్రాంతంలో, బెత్లెహేం పక్కన బేత్ జాలా కొండ మీది ఎవరెస్ట్ హోటల్ లాంటి కొద్ది చోట్లు. ఇజ్రాయెల్ లోపలే కలవాలంటే పేర్ల జాబితా ముందుగా ఇవ్వాలి, పాలస్తీనియన్లకు ఇజ్రాయెల్ ఇచ్చే మాగ్నెటిక్ గుర్తింపు కార్డులు ఉండాలి. అందులో ఒకరి మీద భద్రతా నిషేధం బయటపడుతుంది. లేదా యూదుల పండగని చెక్‌పాయింట్లు మూసేస్తారు. హాలుకు, బస్సుకు కట్టిన డబ్బు గంగపాలు. 2023 అక్టోబరు 7 హమాస్ దాడి తర్వాతైతే పర్మిట్ల ఊసే దాదాపు లేదు.

గదిలోకి చేరాక అసలు పని మొదలు. హీబ్రూ మాట్లాడేవారు ఒకరు, అరబీ మాట్లాడేవారు ఒకరు, ఇద్దరు నిర్వాహకులు ఉండాలి. ఇరుపక్షాలనూ ముందు విడివిడిగా కూర్చోబెట్టాలి. ఆ మెట్టు ఎగ్గొడితే మొదటి సమావేశమే ఎవరి శవాలెన్ని అనే లెక్కగా మారుతుంది. దుబాసీ జీతం మిగుల్చుకుందామంటే మాటంతా ఇంగ్లిషులోకి పోతుంది, రమల్లాలో చదువుకున్నవాళ్లే మాట్లాడతారు, పల్లెటూరివాళ్లు గుడ్లప్పగించి చూస్తారు. ఇలాంటి నిర్వాహకులు తయారవడానికి ఏళ్లు పడుతుంది. జీతం ఆగితే వేరే ఉద్యోగం చూసుకుంటారు, మళ్లీ రారు. రోడ్డు పని 90 రోజులు ఆపి మళ్లీ మొదలెట్టొచ్చు. ఇది అలా కుదరదు. అప్పటికే చేసిన పనులకు సాయ సంస్థలకు రావలసిన బిల్లుల కేసు కూడా అమెరికా సుప్రీంకోర్టు దాకా నడిచింది, అదో ఘనకార్యం.

ఐర్లాండ్‌లో కొట్టుకుంటున్న ఇరువర్గాలను కలపడానికి అంతర్జాతీయ ఐర్లాండ్ నిధి పుట్టింది 1986లో, అక్కడి శాంతి ఒప్పందం, గుడ్ ఫ్రైడే ఒప్పందం, కుదిరింది 1998లో. మధ్యలో పన్నెండేళ్లు బాంబులు పేలుతూనే ఉన్నాయి. అమెరికా డబ్బు పోతూనే ఉంది. ఫలితం ఏదని ఎవరూ మూడు నెలల్లో తేల్చేయలేదు.

ఎన్ని గ్రాంట్లు బతికున్నాయి? ఎన్ని రద్దయ్యాయి? మిగిలిన డబ్బు ఎక్కడుంది? జాబితా బయటపెట్టండి. డబ్బు ఒక్కటీ ఇస్తే చాలదు, పర్మిట్ల గురించి జెరూసలేంలోని మీ రాయబారి చేత మాట్లాడించండి. ఇజ్రాయెల్ స్వచ్ఛంద సంస్థలకు విదేశీ ప్రభుత్వాలిచ్చే విరాళాల మీద 80 శాతం పన్ను వేసే బిల్లు 2025 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెసెట్‌లో ప్రాథమిక ఓటింగ్ దాటింది. మిత్రదేశమే కదా, దాని గురించీ ఒక మాట అనండి. లేదంటే రేపు మీరిచ్చే డాలరులో ఎనభై సెంట్లు పోయేది వాళ్ల ఖజానాకే.

ఇట్లు,
ఆ డబ్బుకు పన్ను కట్టిన కొందరు అమెరికా తెలుగువాళ్లు