తమ్ముడి మందు ఆగకుండా చూసినవాళ్లకు

మా తమ్ముడి టీబీ చికిత్స మధ్యలో ఆగిపోకుండా చూసిన అందరికీ మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారాలు.

వాడిది మామూలు మందులకు లొంగని టీబీ. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపి ఆరు నెలల కోర్సు నడుస్తోంది. ఒకప్పుడు ఇదే జబ్బుకు ఏడాదిన్నరకు పైగా మందులు, నెలల తరబడి సూదులు ఉండేవి. కాబట్టి ఈ కోర్సు దొరకడమే అదృష్టం. అయితే బెడాక్విలిన్, మాక్సిఫ్లాక్సాసిన్ గుండె లయను దెబ్బతీయవచ్చు. ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం తగ్గితే ఆ ముప్పు పెరుగుతుంది. అందుకే మధ్యమధ్యలో ఈసీజీ తీస్తారు. అందులో క్యూటీ అనే కొలత 500 మిల్లీసెకన్లు దాటితే బెడాక్విలిన్ ఆపాల్సి వస్తుంది.

వాంతులు పట్టుకుని, తిండి సయించక వాడు బాగా నీరసపడ్డాడు. మా ఆశా అక్క వాడిని చూసిన వెంటనే టీబీ సూపర్‌వైజర్ గారికి ఫోన్ చేసింది. ఆసుపత్రిలో చూస్తే క్యూటీ పెరిగింది, 500కు ఇంకా చేరలేదు. పొటాషియం 2.9 ఉంది, కనీసం 3.5 ఉండాలి. అమ్మ టెన్షన్ చూడలేకపోయాం.

సిరప్ పట్టించినా పొటాషియం పెరగలేదు. అప్పుడు డాక్టరమ్మ గారు మెగ్నీషియం పరీక్ష రాశారు. అదీ తక్కువే! మెగ్నీషియం లేకపోతే కిడ్నీలు పొటాషియాన్ని నిలవనీయవట, ఎంత ఇచ్చినా మూత్రంలో పోతుందట. సెలైన్‌లో మెగ్నీషియం ఎక్కించాక రెండూ దారికొచ్చాయి, ఈసీజీ కూడా. ఒక్క డోసు కూడా మానాల్సిన అవసరం రాలేదు. ఆమెకు ఆ ఆలోచన తట్టడమే మాకు జరిగిన అన్నిటికన్నా పెద్ద మేలు.

మందులిచ్చే ఫార్మసిస్టు గారికి కూడా థాంక్స్. రక్తంలో ఖనిజాలు కావాలి కానీ, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులు మాక్సిఫ్లాక్సాసిన్‌తో కలిపి వేసుకుంటే అవి కడుపులోనే దాన్ని పట్టేసి ఒంటికి పట్టనీయవని, మాక్సిఫ్లాక్సాసిన్ వేసుకున్నాక కనీసం 4 గంటలు ఆగాలని చీటీ మీద రాసిచ్చారు.

ఈ మందులు వాడేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, వాంతులో విరేచనాలో మొదలైన రోజే సెంటర్‌లో చెప్పండి. మెగ్నీషియం కూడా చూడమని అడగండి. సొంతంగా మాత్రం పొటాషియం వాడకండి, ఎక్కువైనా గుండెకు ప్రమాదమే.

అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చి డబ్బులు వద్దన్న ఆటో అన్నకు, వాడికని గుడ్లు పంపుతున్న పక్కింటి పిన్నిగారికి మేం రుణపడి ఉన్నాం. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్లు ఈ పోస్టు చదివితే, తమ్ముడు ఇప్పుడు రెండు పూటలా అన్నం తింటున్నాడని తెలియాలి.