చుక్కల ముగ్గు లాంటి రెటికిల్ వేటకెందుకు తల్లీ?

చిట్టితల్లీ,

నువ్వు పంపిన మూడు తుపాకీ స్కోపుల (గురి చూసే దుర్భిణుల) ఫొటోలూ, వాటి వివరాలూ చూశాను. అద్దాల నాణ్యతలో పెద్ద తేడా లేదు, ధరలోనూ లేదు. తేడా అంతా లోపల కనబడే గురి గీతల్లోనే, అంటే రెటికిల్‌లోనే ఉంది. ఫోన్‌లో చెబితే సగం విని ‘సరే నాన్నా’ అని పెట్టేస్తావు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. అక్టోబరులో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు ఒక రెటికిల్, క్లబ్బు పోటీలకు ఇంకొకటి. రెండు పనులూ ఒకే దానితో కానివ్వాలని పట్టుబట్టకు. రెండో ఫొటోలో చుక్కల ముగ్గులా కిందికి విచ్చుకుంటూ పోయే ‘క్రిస్మస్ ట్రీ’ రకం ఉంది చూడు, అది నీకు బాగా నచ్చిందని అర్థమైంది. మంచిదే. కానీ దాన్ని బిగించుకుని కొలరాడో అడవిలోకి వెళ్లొద్దు.

ఎందుకంటే అక్కడ వేటకు చట్టం ఇచ్చే సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ముగుస్తుంది. ఎల్క్ మేతకు బయటికొచ్చేది కూడా ఎక్కువగా ఆ రెండు చివర్లలోనే. చెట్ల నీడ, మసక వెలుతురు, ఆ నీడలో నల్లగా కలిసిపోయిన జంతువు, దాని మీద నీ నల్లటి సన్న గీత. ఆ గీత ఆ నిమిషంలో కనబడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మధ్యాహ్నం షాపులో ట్యూబ్‌లైటు కింద చూస్తే అన్నీ అద్భుతంగానే ఉంటాయి.

నువ్వు ఇంజనీరువి, లెక్క వేసి చూపిస్తాను. ఆ ట్రీ రకంలో గీత మందం 0.03 మిల్ అని రాశారు (మిల్ అంటే కోణాన్ని కొలిచే ప్రమాణం, వివరం కింద చెబుతాను). స్కోపు 5 నుంచి 25 రెట్లు పెంచి చూపిస్తుంది. పైగా అది ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌ది, అంటే జూమ్ పెంచితే గీతలూ లావవుతాయి, తగ్గిస్తే గీతలూ చిక్కిపోతాయి. 25 దగ్గర పెడితే ఆ గీత నీ కంటికి రెండున్నర ఆర్క్ నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం) మందం ఉంటుంది, శుభ్రంగా కనబడుతుంది. 5కి తగ్గించావా, అర నిమిషమే. మామూలు కన్ను మంచి వెలుతురులో విడదీసి చూడగలిగేదే సుమారు ఒక ఆర్క్ నిమిషం. పొద్దుగూకాక ఆ శక్తి ఇంకా పడిపోతుంది. గీత ఉన్నచోటే ఉంటుంది, నీకు మాత్రం కనబడదు.

‘అయితే జూమ్ పెంచే ఉంచుతాను’ అంటావేమో. 60 గజాల్లో పొదలోంచి ఎల్క్ లేచిందనుకో, 20 రెట్ల దగ్గర నీకు కనబడేది వెంట్రుకలే. అది భుజమో తొడో తేల్చుకునేలోపు జంతువు వెళ్లిపోతుంది. వెలుతురు సంగతీ ఉంది. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే నీ కంటిలోకి వచ్చే కాంతి వలయం ఎంతో తెలుస్తుంది. 42 మిల్లీమీటర్ల అద్దాన్ని 6 రెట్ల దగ్గర వాడితే 7 మిల్లీమీటర్లు, అంటే చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాపకు సరిపడా. 56 అద్దమైనా 25 దగ్గర వాడితే 2 మిల్లీమీటర్ల పైచిలుకే. కాబట్టి చీకటివేళ జూమ్ తగ్గించక తప్పదు. ఆ తగ్గించిన చోటే ట్రీ రెటికిల్ చేతులెత్తేస్తుంది.

మొదటి ఫొటోలో ఉన్నది డూప్లెక్స్. చివర్లలో మందంగా, మధ్యకు వచ్చేసరికి సన్నగా ఉండే నాలుగు గీతలు. లూపోల్డ్ కంపెనీ 1962లో తెచ్చింది. అరవై ఏళ్లు దాటినా అమెరికాలో వేటగాళ్లు దాన్ని వదల్లేదంటే కారణం ఉంది. మధ్యలోని సన్న భాగం మసకలో కరిగిపోయినా, నాలుగు వైపులా ఉన్న మందపాటి గీతలు కంటిని నడిమికి తోస్తాయి. లెక్కపెట్టడానికి చుక్కలుండవు, చదవడానికి అంకెలుండవు. చూడాల్సిందల్లా జంతువునే. యూరప్‌లో అడవిపందుల వేటగాళ్లు జర్మన్ నంబర్ 4 అనేదాన్ని ఇష్టపడతారు. అందులో రెండు పక్కలా, కిందా మూడు మందపాటి కడ్డీలుంటాయి, పైన సన్నగీత మాత్రమే. అదీ ఇదే సూత్రం, ఇంకాస్త మొరటుగా. నీకు డూప్లెక్స్ చాలు, నడిమిలో చిన్న ఎర్ర చుక్క వెలిగేదైతే మరీ మంచిది. ఆ వెలుగును కనబడీ కనబడనంత తక్కువలో పెట్టుకో. ఎక్కువ పెడితే చుక్క చుట్టూ కాంతి చెదిరి జంతువే మరుగున పడుతుంది.

‘దూరం మారితే గుర్తులు లేకుండా ఎలా కొట్టాలి?’ అని అడిగావు. నీ 6.5 క్రీడ్‌మోర్ తుపాకీలో 143 గ్రెయిన్ల తూటాను 200 గజాలకు జీరో చేశావనుకో, అంటే అక్కడ గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేశావనుకో. 100 దగ్గర సుమారు 2 అంగుళాలు పైన తగులుతుంది, 300 దగ్గర సుమారు 8 అంగుళాలు కింద. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడుగు వెడల్పు పైనే ఉంటుంది. 200 దాకా నేరుగా పెట్టి కొట్టడమే. 300 దగ్గర గురిని 8 అంగుళాలు పైకి జరిపినా అది ఇంకా జంతువు ఒంటి మీదే ఉంటుంది, గాల్లో కాదు. ఈ తుపాకీతో ప్రాణి మీద 300 గజాలు దాటి నువ్వు కాల్చడం నాకిష్టం లేదు. రెటికిల్‌లో 800 గజాల గుర్తు ఉంది కదా అని చెయ్యి లాగుతుంది చూడు, అదే నా భయం. గాయపడిన ఎల్క్ కొండ దిగి లోయలో పడితే రాత్రంతా వెతికినా దొరక్కపోవచ్చు.

మూడో ఫొటోలోది బీడీసీ, అంటే దూరం పెరిగేకొద్దీ తూటా కిందికి జారే లెక్కకు గుర్తులు పెట్టిన రకం. డూప్లెక్స్ కిందిగీత మీద 300, 400, 500 అని మూడు చిన్న గుర్తులు పెట్టారు. చూడటానికి తెలివైన ఏర్పాటే, కానీ అందులో ఒక మెలిక ఉంది. ఆ స్కోపు 3 నుంచి 9 రెట్లది, సెకండ్ ఫోకల్ ప్లేన్‌ది. జూమ్ ఎంత మార్చినా గీతలు అదే సైజులో కనబడతాయి. చీకట్లో అది వరమే, కానీ గుర్తుల లెక్క మాత్రం 9 రెట్ల దగ్గరే నిజం. 300 గుర్తు నడిమికి రెండున్నర ఎంఓఏ (అంటే ఆర్క్ నిమిషాలు) కింద ఉందనుకో. జూమ్ నాలుగున్నరకు తగ్గిస్తే అదే గుర్తు ఐదు ఎంఓఏ అవుతుంది. 300 గజాల దగ్గర ఆ తేడా 8 అంగుళాలు. తూటా నువ్వనుకున్న చోటికి 8 అంగుళాలు పైన, వీపు దగ్గర తగులుతుంది. ఊపిరి బిగబట్టి ఉన్న ఆ టెన్షన్‌లో ‘జూమ్ ఎంతలో ఉంది?’ అని ఎవరికి గుర్తుంటుంది? పైగా ఆ గుర్తులు కంపెనీవాళ్లు అనుకున్న తూటాకు, వేగానికి వేసినవి. నీ తూటా వేరు. డెన్వరే మైలు ఎత్తున ఉంది, నువ్వు వేటాడేది అంతకంటే పైన, అక్కడ గాలి పలచన. 300 లోపల ఇవన్నీ పట్టించుకోనక్కర్లేదు. కానీ 300 లోపల ఆ గుర్తులతోనూ పనిలేదు కదా!

ఇక పోటీల సంగతి. ఇక్కడ నీ ముగ్గుకే నా ఓటు.

మీ క్లబ్బులో జరిగేవి పీఆర్ఎస్ (ప్రిసిషన్ రైఫిల్ సిరీస్) తరహా పోటీలు అన్నావు. 2012లో ఆ సిరీస్ మొదలైనప్పటి నుంచీ పద్ధతి ఒకటే: ఒక్కో దశకు ఒకటిన్నర, రెండు నిమిషాలు, ఆ లోపు రకరకాల దూరాల్లో ఉన్న ఇనుప పలకల్ని కొట్టాలి. ప్రతిదానికీ టరెట్ (స్కోపు మీద గురి సవరించే చక్రం) తిప్పుకుంటూ కూర్చుంటే గంట కొట్టేస్తారు. దూరానికి కిందికీ, గాలికి పక్కకీ గురి జరపాలంటే రెటికిల్‌లో గుర్తులుండాలి. ఖాళీ ఆకాశంలో ‘ఇంత పక్కకి’ అని ఊహించడం కంటే చుక్క మీద నిలబెట్టడం ఎంతో నయం. జూమ్ ఎంతలో ఉన్నా లెక్క మారకూడదు కాబట్టి ఇక్కడ ఫస్ట్ ఫోకల్ ప్లేనే సరి. పట్టపగలు, తెల్ల రంగు పూసిన పలక మీద సన్న గీత కనబడకపోవడం అన్న సమస్యే లేదు.

అసలు లాభం రెండో షాట్‌లో తెలుస్తుంది. మొదటిది తప్పింది, పలక పక్కన దుమ్ము లేచింది. నడిమి నుంచి ఆ దుమ్ము దాకా రెటికిల్‌తోనే కొలువు. అర మిల్ కుడికి పోయిందా, అర మిల్ ఎడమకు జరిపి వెంటనే కాల్చు. అంగుళాలూ వద్దు, గుణకారాలూ వద్దు.

అందుకే కొలత సంగతి గట్టిగా చెబుతున్నాను. మిల్ అంటే 1000 గజాల దగ్గర ఒక గజం, 100 దగ్గర 3.6 అంగుళాలు. ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర అంగుళం మీద కాస్త. ఏది గొప్ప అన్న వాదనలో పస లేదు. రెటికిల్ దేంట్లో ఉందో టరెట్ కూడా దాంట్లోనే ఉండాలి, అంతే. గీతలు మిల్‌లో, టరెట్ పావు ఎంఓఏ క్లిక్కుల్లో ఉన్నవి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి, కొనకు. అర మిల్ తప్పితే మిల్ టరెట్ మీద 5 క్లిక్కులు. ఎంఓఏ టరెట్ మీదయితే 3.44తో గుణించి, నాలుగుతో గుణించి, దగ్గరి అంకెకు సవరిస్తే 7. గడియారం ఆగదు. మీ క్లబ్బులో పక్కవాళ్లు గాలి గురించి చెప్పేది మిల్‌లోనే అన్నావు కాబట్టి నువ్వూ మిల్‌లోనే ఉండు.

మిల్ గీతలతో దూరం కొలవడం కూడా నేర్చుకో, సరదాకి. అంగుళాల ఎత్తును 27.78తో గుణించి మిల్‌తో భాగించాలి. 18 అంగుళాల పలక 2 మిల్ ఉంటే 250 గజాలు. అదే పలకను 1.8 అని చదివావా, 278 అయిపోతుంది. లేజర్ రేంజ్‌ఫైండర్ చేతిలో ఉన్న రోజుల్లో దీన్ని నమ్ముకుని ప్రాణి మీద కాల్చకూడదు.

రేంజ్‌లో బెంచ్ మీద పెద్దాయన నీకు చూపించిన 36 రెట్ల స్కోపు, నడిమిలో సూది మొనంత చుక్క ఉన్నది, అది వేరే ఆట. కదలని లక్ష్యం, తెలిసిన దూరం, కావలసినంత తీరిక. ఎఫ్-క్లాస్ అనే ఆ పోటీల్లో పది మార్కుల వలయం సుమారు ఒక ఎంఓఏ, అంటే 1000 గజాల దగ్గర పది అంగుళాలు. అక్కడ గీత ఎంత సన్నగా ఉంటే, నడిమిని ఎంత తక్కువ కప్పితే అంత మంచిది. నీకు ఇప్పుడప్పుడే అది అక్కర్లేదు.

డబ్బులు ఈ ఏడాదికి ఒక్కదానికే ఉన్నాయంటే ముందు వేటది కొను. పోటీలకు క్లబ్బులో ఎవరో ఒకరు తుపాకీ చేతికిస్తారు, ఆ మనుషులు అలాంటివాళ్లు. కాదు, ఒకటే తుపాకీ, ఒకటే స్కోపు అంటావా, అప్పుడు 3 నుంచి 15 రెట్ల ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌ది చూడు. ట్రీ వద్దు, ఉత్త మిల్ గీతలు, అంచుల్లో మందపాటి కడ్డీలు, నడిమిలో వెలుగు ఉండాలి. రెండు పనులకూ ముప్పావు వంతు పనికొస్తుంది. నాకది నచ్చదు, కానీ తప్పని చెప్పను.

ఏది కొన్నా షాపువాళ్లను అడిగి సాయంత్రం చీకటి పడేవేళ ఉత్త స్కోపును గుమ్మం బయటికి తెచ్చుకో. జూమ్ అన్నిటికంటే తక్కువలో పెట్టి నీడలో ఉన్న పొద వైపు చూడు. గీత కోసం వెతుక్కోవలసి వస్తే తిరిగి ఇచ్చేసెయ్.

గుంటూరు నుంచి తాతయ్య వీడియో కాల్‌లో ‘మనమరాలు జింకల్ని వేటాడితే జైల్లో పెట్టరా?’ అని మళ్లీ అడిగారు. 1972 వన్యప్రాణి చట్టం ఇండియాలో అని, అక్కడ లైసెన్సు ఇచ్చి మరీ పంపుతారని చెప్పాను. ‘మరి ఒలింపిక్స్‌లోనూ ఈ గీతలేనా?’ అన్నారు. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్కోపే ఉండదు, చిన్న రంధ్రంలోంచి చూడటమే అంటే ఆయనకు అది నచ్చింది. లైసెన్సు అంటే గుర్తొచ్చింది, నీతో రేంజ్‌కి వస్తానంటున్న మీ రూమ్‌మేట్ హెచ్1బి మీద ఉంది కదా. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ముట్టుకోవాలన్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లే హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ముందు ఆ కాగితం చూసుకుని, వాళ్ల లాయర్‌ని అడిగాకే రమ్మను.

స్కోపు వచ్చాక రింగుల స్క్రూలు నువ్వు బిగించెయ్యకు. నిలువుగీత మూడు డిగ్రీలు ఒరిగినా 600 గజాల దగ్గర తూటా సుమారు నాలుగంగుళాలు పక్కకు పోతుంది. దారానికి బరువు కట్టి వేలాడదీసి, దానితో గీతను సరిపోల్చాలి. లేబర్ డే వారాంతానికి నేనూ అమ్మా వస్తున్నాం, టార్క్ రెంచ్ తెస్తాను. మీ ఫ్రీజర్ ఎంత పెద్దదో కొలిచి చెప్పమంది అమ్మ. వేటలో వేసుకోవాల్సిన నారింజ రంగు చొక్కా బాగాలేదని గొణిగావు కదా, కొలరాడోలో గులాబీ రంగుదీ చెల్లుతుంది, ఫ్లోరసెంట్ రకమై ఉండాలి.

ఇట్లు,
నాన్న