బొమ్మ బాగుందంటే సరిపోదండి

ఎడిటర్ గారికి నమస్కారం. రిటైరయ్యాక రెండేళ్లుగా బొమ్మలేస్తున్నానండి, ఇంట్లో ఎవరికి చూపించినా సూపర్ అంటారు, అంతే, దాంతో ఒక్క అడుగు కూడా ముందుకి పడలేదు. మొన్న రాజమండ్రి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్తే అక్కడో పెద్దాయన నా స్కెచ్‌బుక్ తిరగేసి, కళ్లు నుదుటి మీదకి ఎక్కించేశారమ్మా, నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే సరిగ్గా సగంలో ఉంటాయి కళ్లు, కొలుచుకోండి అన్నారు. ఇంటికొచ్చి అద్దం ముందు స్కేలు పెట్టుకుంటే నిజమే! బొమ్మని అద్దంలో చూస్తే వంకర ఇట్టే తెలిసిపోతుందని కూడా ఆయనే చెప్పారు. ఆ ఒక్క మాటకి నా మొహాలు మారిపోయాయండి.

మీ ఆదివారం పేజీలో పిల్లల బొమ్మలేస్తారు కదా, పక్కనే ఏం కుదిరింది ఏం మార్చుకోవాలి అని ఎవరైనా ఆర్టిస్ట్ చేత రెండు ముక్కలు రాయించండి ప్లీజ్, మాలాంటి పెద్దవాళ్లవి కూడా తీసుకోండి.

- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం