ఆడి సాధించిన ఆయుధం, డబ్బు పెట్టి కొన్న ఆయుధం ఒకటి కావు

సంపాదకులకు,

అయ్యా,

వేసవి సెలవుల్లో పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారంటూ మీ పత్రిక తిరుపతి జిల్లా పేజీలో ఇటీవల వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. రమ్మీలో డబ్బు పోగొట్టుకున్న యువకులను, బెట్టింగ్ యాప్‌ల బారిన పడినవారిని, తెర మీద రాక్షసులను కాల్చే ఆటలు ఆడే విద్యార్థులను ఆ కథనం ఒకే గాటన కట్టి, అందరికీ ఆన్‌లైన్ గేమ్‌ల వ్యసనం అనే ఒక్క పేరే పెట్టింది. అందులోని ఆందోళనతో నాకు పేచీ లేదు. ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించే అధ్యాపకురాలిగా, నిద్ర చాలక తరగతిలో తూగే పిల్లలను నేనూ చూస్తూనే ఉన్నాను. అయితే ఆ మూడో రకం ఆటలను మా అబ్బాయితో కలిసి కొన్నేళ్లుగా ఆడుతున్న వ్యక్తిగా, వాటిని జూదంతో కలిపి చూడటం వల్ల తల్లిదండ్రులకు మేలు కంటే గందరగోళమే ఎక్కువ జరుగుతుందని గట్టిగా నమ్ముతున్నాను.

ఈ ఆటలను ట్విన్ స్టిక్ షూటర్లు అంటారు. కంట్రోలర్‌పై, అంటే రెండు చేతులతో పట్టుకుని ఆడే పరికరంపై, ఎడమ బొటనవేలి కింద ఒక స్టిక్, కుడి బొటనవేలి కింద మరో స్టిక్ ఉంటాయి. ఎడమ స్టిక్‌తో మన పాత్రను నడిపిస్తాం. కుడి స్టిక్‌ను ఎటు వంచితే అటు తుపాకీ పేలుతుంది. 1982లో అమెరికాలో విలియమ్స్ సంస్థ విడుదల చేసిన రోబోట్రాన్ 2084 అనే ఆర్కేడ్ యంత్రం (నాణెం వేసి ఆడేది) ఈ పద్ధతికి పేరు తెచ్చింది. దాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన యూజీన్ జార్విస్‌కు, అంతకుముందు వచ్చిన బెర్జెర్క్ అనే ఆటలో శత్రువును కాల్చాలంటే అతని వైపే కదలాల్సి రావడం నచ్చలేదు. పైగా కారు ప్రమాదంలో కుడి చేతికి దెబ్బ తగిలి కట్టు కట్టించుకున్న ఆ రోజుల్లో బటన్ నొక్కడమే ఆయనకు కష్టమైంది. అలా రెండు జాయ్‌స్టిక్‌ల ఆలోచన పుట్టింది, కాల్చే బటన్ లేకుండా పోయింది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి కాళ్లు ఒక వైపు జరుగుతుంటే చెయ్యి మరో వైపు ఆటగాణ్ణి తాకినట్టు, వెనక్కి తగ్గుతూనే ముందుకు కాల్చడం దీనితో సాధ్యమైంది.

మా ఇంట్లో ఎక్కువగా ఆడేది క్రిమ్సన్‌ల్యాండ్. ఫిన్లాండ్‌కు చెందిన టెన్‌టన్స్ అనే చిన్న సంస్థ రూపొందించిన ఈ ఆట 2003లో విడుదలై, 2014లో కొత్త హంగులతో మళ్లీ వచ్చింది. పైనుంచి చూస్తున్నట్టు కనిపించే ఖాళీ మైదానం మధ్యలో మనం నిలబడి ఉంటాం. నాలుగు వైపుల నుంచి జాంబీలు, బల్లులు, సాలీళ్లు, గ్రహాంతర జీవులు గుంపులుగా వచ్చి మీద పడతాయి. చేతిలో మొదట ఉండేది ఒక్క పిస్తోలు. చంపిన ప్రతి రాక్షసికీ అనుభవ పాయింట్లు వస్తాయి, అవి నిండినప్పుడల్లా లెవెల్ పెరుగుతుంది, లెవెల్ పెరిగినప్పుడల్లా ఆట ఆగి కొన్ని పెర్క్‌లను, అంటే అదనపు బలాలను, మన ముందు పెట్టి ఒకటి ఎంచుకోమంటుంది. వేగంగా తూటాలు నింపుకోవడం కావాలా, ఇంకా వేగంగా పరుగెత్తడం కావాలా, గురి మెరుగుపడటం కావాలా, గాయాలు వాటంతటవే మానడం కావాలా? వాటిలో ఫేటల్ లాటరీ అనే పెర్క్ ఒకటుంది. దాన్ని తీసుకుంటే పాయింట్ల రాశి అయినా దక్కుతుంది, అక్కడికక్కడే ప్రాణమైనా పోతుంది. రెండింటికీ అవకాశాలు సరిసమానం. మా అబ్బాయి దాన్ని ఆట మొదట్లో, పోయేదేమీ లేనప్పుడు తీసుకుంటాడు గానీ, అరగంట కష్టపడి పేర్చుకున్న తర్వాత దాని జోలికి పోడు. ఎంత పోగొట్టుకునే స్థితిలో ఉన్నామో చూసుకుని సాహసం చేయాలని వాడికి నేను చెప్పలేదు, ఆ ఆటే నేర్పింది.

వేగం గురించి ఒక మాట చెప్పాలి. పక్కన కూర్చుని చూసేవారికి ఇదంతా పిచ్చిగా బటన్లు నొక్కే గోలలా కనిపిస్తుంది. ఆడేవారి కళ్లతో చూస్తే దాని వెనక ఒక పద్ధతి ఉంటుంది. రాక్షసులన్నీ మనం ప్రస్తుతం ఉన్న చోటికే గురిపెట్టి వస్తాయి గనుక, మనం పెద్ద వలయంగా తిరగడం మొదలుపెడితే అవి చెల్లాచెదురుగా ఉండలేక ఒక గుంపుగా చేరిపోతాయి. మనకంటే నెమ్మదైనవి కొంతసేపటికి మన వలయం లోపలే మరో చిన్న వలయంలో తిరుగుతాయి. వాటి వేగం మన వేగంలో సగమైతే ఆ చిన్న వలయం వ్యాసార్ధం కూడా మన వలయంలో సగమే అవుతుంది. గణితంలో దీన్ని పర్‌స్యూట్ కర్వ్ అంటారు. ఒక ఓడను మరో ఓడ తరుముతూ వెళ్లే దారి ఎలా ఉంటుందని ఫ్రాన్స్‌కు చెందిన పియరీ బూగేర్ 1732లోనే లెక్క కట్టాడు. అలా గుంపును పోగుచేసుకుంటూ తిరిగి, తూటాలు నిండిన క్షణంలో మధ్యలోకి షాట్‌గన్ పేల్చడం ఆటగాళ్లందరికీ తెలిసిన ఎత్తు. అడ్డంగా పరుగెత్తే సాలీడును కాల్చాలంటే అది ఉన్న చోటికి కాకుండా, తూటా చేరే సమయానికి అది ఎక్కడ ఉంటుందో అక్కడికి గురిపెట్టాలి. ఇంటర్ మొదటి సంవత్సరంలో సాపేక్ష వేగం పాఠం చెప్పేటప్పుడు నేను నదిలో పడవ, వానలో గొడుగు ఉదాహరణలతో పాటు ఈ సాలీడును కూడా వాడుతున్నాను. వెనక బెంచీల్లోని వాళ్లు ఆ రోజు ముందుకు వంగి వింటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఆటల్లో అప్‌గ్రేడ్‌లు, అంటే మన పాత్రకు కొత్తగా చేరే ఆయుధాలు, బలాలు, ప్రధానంగా రెండు రకాలు. కొన్ని ఆ ఒక్క ఆటవరకే పనికొస్తాయి, చనిపోతే పోతాయి. కొన్ని ఒకసారి అన్‌లాక్ అయితే శాశ్వతంగా ఉంటాయి. క్రిమ్సన్‌ల్యాండ్‌లో క్వెస్ట్‌లనే చిన్న చిన్న ఘట్టాలను గెలిచేకొద్దీ కొత్త తుపాకులు, కొత్త పెర్క్‌లు తెరుచుకుంటాయి. ఎంతసేపు బతికితే అంత గొప్పగా భావించే సర్వైవల్ పోటీలో ఆ తర్వాత అవి దొరుకుతాయి. ఒకసారి ఆటను కొన్నాక ఆ తుపాకుల కోసం మళ్లీ రూపాయి పెట్టక్కర్లేదు. ప్లాస్మా రైఫిల్ చేతికొచ్చిందంటే దాని వెనక ఎన్నిసార్లు ఓడిపోయామో ఆడినవారికి తెలుసు. ఆ తెరుచుకోవడంలో ఉన్న ఆనందం నిజాయితీ గలది. పిల్లవాడు దాన్ని ఉత్సాహంగా చెప్పుకుంటే కసరుకోకుండా వినాలని తోటి తల్లిదండ్రులను కోరుతున్నాను.

ఉచితం పేరుతో ఫోన్‌లో దొరికే కొన్ని ఆటలు పైకి చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి. అవే రాక్షసులు, అవే లెవెళ్లు, అవే మెరుపులు. ఆడటం మొదలుపెట్టి కొంతసేపు గడిచాక శక్తి అయిపోయిందని, మళ్లీ ఆడాలంటే గంటలు ఆగాలని, ఆగలేకపోతే రత్నాలు కొనాలని చెబుతాయి. ఆ రత్నాలతో పెట్టెలు తెరవాలి. పెట్టెలో ఏ ఆయుధం వస్తుందో డబ్బు కట్టేదాకా తెలియదు. కష్టపడి ఆడితే దాటగలిగిన ఘట్టాన్ని కావాలని బరువెక్కించి, డబ్బు పెడితే తేలిక చేస్తారు. ఇటువంటి పెట్టెలు కొన్నిటిని 2018లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ జూదం కిందే లెక్కగట్టింది. నా విద్యార్థి ఒకడు తన తండ్రి ఫోన్ నుంచి యూపీఐ ద్వారా చిన్న చిన్న మొత్తాలుగా చెల్లిస్తూ పోయి, బ్యాంకు సందేశాలు చూసిన తండ్రి చేత దెబ్బలు తిన్నాడు. ఆ తండ్రి ఇంట్లో అన్ని ఆటలనూ నిషేధించాడు. ఏది తన డబ్బు తిన్నదో, ఏది తినలేదో ఆయనకు చెప్పినవారు లేరు. చెప్పాల్సింది పత్రికలే అని నేను ఈ ఉత్తరం రాస్తున్నాను.

చట్టం ఈ తేడాను గుర్తించింది. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని నిషేధించినప్పుడు దాని గురి పందెం మీదే. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బు ఒడ్డే ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్ అనే వీడియో గేమ్ పోటీలను, వినోదం కోసం ఆడే ఆటలను వాటి నుంచి విడదీసి చూసింది. చట్టసభలు పాటించిన విచక్షణ జిల్లా పేజీలోనూ కనిపించాలి.

ఈ ఆటల్లో దోషాలు లేవని నేను అనను. తెరపై నెత్తురు చిమ్ముతుంది; చిన్న పిల్లలకు క్రిమ్సన్‌ల్యాండ్ తగదు, మా అబ్బాయికి పదో తరగతి దాటేవరకు నేను ఇవ్వలేదు. వెలుగులు వేగంగా మిణుకుమిణుకుమంటాయి కాబట్టి మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లలను దూరంగా ఉంచాలి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, ఓడిపోయిన వెంటనే మళ్లీ మొదలుపెట్టగలగడం. ఇంకొక్క లెవెల్, ఇంకొక్క తుపాకీ అంటూ అర్ధరాత్రి దాటుతుంది. ఆటల వల్ల జీవితం అదుపు తప్పే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. మా ఇంట్లో కంట్రోలర్లు హాల్లోని టీవీ దగ్గరే ఉంటాయి, పడకగదిలోకి వెళ్లవు. ఫోన్ తెర మీద రెండు బొటనవేళ్లతో ఇటువంటి ఆటలు ఆడటాన్ని కూడా నేను ప్రోత్సహించను. వేళ్లే సగం తెరను కప్పేస్తాయి, మెడ వంగిపోతుంది, పక్కన ఎవరూ కూర్చోలేరు. టీవీ ముందైతే క్రిమ్సన్‌ల్యాండ్‌ను నలుగురి వరకు కలిసి ఆడవచ్చు. మా అక్క పిల్లలు చిత్తూరు నుంచి వచ్చినప్పుడు వాదులాటల మధ్య ఆ నలుగురూ మైదానంలో వీపుకు వీపు ఆనించి నాలుగు దిక్కులనూ పంచుకోవడం చూడముచ్చటగా ఉంటుంది.

కాబట్టి నా విన్నపం ఇది. ప్రతి శుక్రవారం సినిమాల మీద మీరు ప్రచురించే సమీక్షల పక్కన, నెలకు ఒక్కసారైనా ఒక ఆట మీద తెలుగులో సమీక్ష వేయండి. 2023లో బ్రిటన్‌కు చెందిన, సినిమాలకూ ఆటలకూ అవార్డులిచ్చే బాఫ్టా సంస్థ, ఉత్తమ గేమ్ అవార్డును వాంపైర్ సర్వైవర్స్‌కు ఇచ్చింది. ఆయుధాలు వాటంతటవే పనిచేస్తూ, ఒక్క స్టిక్‌తోనే రాక్షసుల గుంపులను దాటించే ఆట అది, ఈ షూటర్ల కుటుంబానికి చెందినదే. ఆ వార్త తెలుగు పత్రికల్లో నా కంట పడలేదు. సమీక్షలో ఆట ధర ఎంత, కొన్న తర్వాత లోపల మళ్లీ డబ్బు అడుగుతుందా, అడిగితే దేనికి, ఆయుధాలు ఆడితే తెరుచుకుంటాయా, డబ్బు కడితే తెరుచుకుంటాయా, ఏ వయసువారికి తగినది, ఒక విడత ఎంతసేపు సాగుతుంది అన్న వివరాలు తప్పనిసరిగా ఉండాలి. కథనాల్లోనూ పందెం ఆటను పందెం ఆట అని, షూటర్‌ను షూటర్ అని వేరువేరుగా పేర్కొనండి.

మొదటి సమీక్షకు క్రిమ్సన్‌ల్యాండ్ పాతబడిందని మీరు భావిస్తే, 2023లో పూర్తిస్థాయిలో విడుదలైన బ్రొటాటోను తీసుకోవచ్చు. అందులో ఒక బంగాళదుంప ఒకేసారి ఆరు ఆయుధాలు పట్టుకుని, ఒక్కో దశలో 20 నుంచి 90 సెకన్ల పాటు రాక్షసులను ఎదుర్కొంటుంది. దశకూ దశకూ మధ్య దొరికే విరామంలో, ఆటలోనే సంపాదించిన సరుకుతో ఏ ఆయుధం కొనాలో ఆలోచించుకోవచ్చు. పిల్లవాణ్ణి మధ్యలో భోజనానికి పిలవాలంటే ఆ విరామమే సరైన సమయం. మీరు అంగీకరిస్తే ఆ సమీక్షను నేనే రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి