వంద రూపాయల ఫైన్‌కి అప్పీలు ఎందుకు లేదు మంత్రి గారూ?

కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇంతకుముందు పెట్టుకున్న అర్జీలు మీదాకా వచ్చాయో లేదో తెలియదు, జవాబైతే రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నా.

మా తమ్ముడిది పాత ఐపీసీ 160 కేసు. నలుగురు తిరిగే చోట కొట్లాట, ప్రజాశాంతికి భంగం. వాడు వెళ్లింది విడదీయడానికి, కేసులో పేరు మాత్రం కొట్టుకున్నవాళ్ల పక్కనే ఎక్కింది. కోర్టు దగ్గర అందరిదీ ఒకటే మాట: "పెటీ కేసు బాబూ, ఒప్పేసుకో, వంద కట్టి ఇంటికెళ్లు, లేకపోతే ఏళ్లతరబడి వాయిదాలకి తిరగాలి." ఒప్పుకున్నాడు, కట్టాడు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలేయమని అడగొచ్చని, అలా వదిలితే ఆ శిక్ష వల్ల అనర్హత అంటదని ఎవరైనా చెప్తే కదా!

ఇప్పుడు కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాడు. అటెస్టేషన్ ఫారంలో ‘శిక్ష పడిందా’ అని అడిగారు. అవునంటే ఉద్యోగం అనుమానం, కాదంటే దాచాడని తీసేస్తారు. ఇంట్లో ఒకటే టెన్షన్.

సరే, అప్పీలు వేద్దామంటే మీ చట్టం ఏమంటోంది? నేరం ఒప్పుకున్నవాడు శిక్ష మీద తప్ప తీర్పు మీద అప్పీలుకి వెళ్లకూడదు. పోనీ శిక్ష మీదైనా వెళ్దామంటే, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ వేసింది వంద మించని ఫైన్ ఒక్కటే అయితే అదీ లేదు. మా వాడి మీద పెట్టిన ఆ పాత 160 సెక్షన్‌లో గరిష్ఠ జరిమానాయే వంద! అంటే జైలు పడినవాడికి అప్పీలుంది, ఫైన్‌తో బయటపడినవాడికి లేదు. ఏం న్యాయమండీ ఇది? 2024 జులై 1 నుంచి కొత్త సంహితలు (నేర చట్టాలు) తెచ్చారు, అప్పీలు వద్దనే పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) సెక్షన్లు 375, 376 కాస్తా 416, 417 అయ్యాయి, ఇదే నేరానికి ఫైన్ వెయ్యి దాకా పెంచారు, అప్పీలు దగ్గర గీసిన ఆ వంద గీతని మాత్రం అంత భద్రంగా ఎందుకు దాచిపెట్టారో.

ఇక మిగిలింది రివిజన్, అంటే కింది కోర్టు తీర్పు సరైనదేనా అని చూడమని పై కోర్టుని అడగడం. దానికి 90 రోజుల గడువు, అది ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని ముందు ఒక పిటిషన్, మన్నిస్తే అప్పుడు అసలు కేసు. వంద రూపాయల ఫైన్‌కి లాయర్ ఫీజు ఎంతవుతుందో మీకు వేరే చెప్పాలా?

దయచేసి ఆ గీత తీసేయండి. ఒప్పుకోమనే ముందు ‘ఇది శిక్షగా రికార్డవుతుంది, తర్వాత అప్పీలు ఉండదు’ అని కుర్రాళ్లకి అర్థమయ్యే భాషలో జడ్జి గారే చెప్పి, కాగితం మీద రాయించేలా రూలు పెట్టండి. మా వాడి సంగతి ఏం చేస్తారో అదీ చెప్పండి, ఫారం ఇవ్వాల్సిన గడువు దగ్గర పడుతోంది.

ఇట్లు,
ఆ కుర్రాడి అక్క